స్పానిష్‌లో ‘ఎల్’, ‘లా’ పొరపాట్లు: తెలుగువాళ్ళం ఎక్కడ తడబడుతున్నాం?

ప్రశ్న: మాదాపూర్ సాయంత్రం క్లాసు

నమస్కారం. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. మా బృందం మెక్సికోలోని ఒక క్లయింటు పనులు చూస్తుంది కాబట్టి ఏడాదిన్నరగా సాయంత్రం పూట స్పానిష్ నేర్చుకుంటున్నాను. క్రియారూపాలు చాలావరకు పట్టుబడ్డాయి, వినికిడి కూడా మెల్లగా దారికి వచ్చింది. నామవాచకం ముందు ఇంగ్లిష్ ‘ది’ లాంటి ఆర్టికల్‌గా పుంలింగపు ‘ఎల్’ పెట్టాలా స్త్రీలింగపు ‘లా’ పెట్టాలా అనే దగ్గర మాత్రం ఇప్పటికీ దాదాపు ప్రతి వాక్యంలోనూ ఆగిపోతున్నాను.

పోయిన వారం జరిగిన సమావేశంలో నేను మూడుసార్లు ‘లా ప్రొబ్లేమా’ అన్నాను. అవతలి ఆవిడ నన్ను సరిదిద్దలేదు కానీ, జవాబు చెప్పిన ప్రతిసారీ ‘ఎల్ ప్రొబ్లేమా’ అనే అన్నారు. ఆ సంగతి తర్వాత రికార్డింగ్ విన్నప్పుడు గానీ నాకు తెలియలేదు. దాని కంటే ఇబ్బంది పెట్టింది మరొకటి ఉంది. కొనుగోలు ఆర్డరు గురించి రాసిన ఒక మెయిల్‌లో ‘లా ఓర్దెన్’ అని రాయవలసిన చోట ‘ఎల్ ఓర్దెన్’ అని రాశాను. ‘ఎల్ ఓర్దెన్’ అంటే క్రమం, వరుస అని అర్థమట. వాళ్ళు ఏ వరుస గురించి అడుగుతున్నారని తిరిగి రాశారు, సంగతి తేలేసరికి ఒక రోజు గడిచిపోయింది.

క్లాసులో మాకు ‘ఓ’తో ముగిస్తే పుంలింగం, ‘ఆ’తో ముగిస్తే స్త్రీలింగం అని చెప్పారు. కానీ పగలుకు ‘ఎల్ దీయా’, చేతికి ‘లా మానో’ అని వచ్చేసరికి ఆ సూత్రం మీద నమ్మకం పోయింది. బడిలో హిందీ చదువుకున్న రోజుల్లో ‘మేరీ కితాబ్’ అనవలసిన చోట ‘మేరా కితాబ్’ అని ఎన్నిసార్లు చీవాట్లు తిన్నానో లెక్కలేదు. ఇప్పుడు ఆ హిందీ లింగాలనే ఆసరాగా తీసుకుని స్పానిష్ పదాల లింగం ఊహించవచ్చునా, లేక అది మరింత గందరగోళానికి దారితీస్తుందా? ఇంకొక సంగతి. తెలుగులో ఆర్టికల్ అనేదే లేదు కదా, ఎక్కడ పెట్టాలో ఎక్కడ వదిలేయాలో కూడా నాకు అంతుపట్టడం లేదు. నాకు కాఫీ నచ్చుతుంది అనడానికి ‘మే గుస్తా కఫే’ అంటే తప్పన్నారు, నేను ఇంజనీరును అనడానికి ‘సోయ్ ఉన్ ఇన్హెనియేరో’ అన్నా తప్పే అన్నారు. మొదటి దానిలో ఆర్టికల్ లేకపోవడం తప్పయితే, రెండో దానిలో ఉండటం తప్పు ఎందుకయింది? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు: తార్నాక ఉపాధ్యాయిని

మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను, ఎందుకంటే పన్నెండేళ్ళుగా తెలుగు పిల్లలకు, ఉద్యోగస్తులకు స్పానిష్ చెబుతూ నేను ఎక్కువగా దిద్దిన పొరపాటు ఇదే. మందలించి మానిపించే పొరపాటు కాదు ఇది. పదాన్ని మనం మొదటిసారి కలుసుకున్న తీరులోనే దీనికి బీజం పడుతుంది.

మీ నోటుపుస్తకం తెరిచి చూడండి. అందులో ‘మేసా = బల్ల’, ‘లీబ్రో = పుస్తకం’, ‘నోచే = రాత్రి’ అని రాసుకుని ఉంటారని అనుకుంటున్నాను. అలా రాసుకున్నంతకాలం ప్రతి వాక్యంలోనూ లింగాన్ని మళ్ళీ మొదటి నుంచి లెక్కగట్టుకోవలసి వస్తుంది. స్పానిష్ ఇంట్లో పుట్టిన బిడ్డ ‘మేసా’ అనే మాటను విడిగా వినడం చాలా అరుదు. ‘లా మేసా’, ‘ఉనా మేసా’, ‘ఎస్తా మేసా’ అనే వింటుంది. అందువల్ల ఆర్టికల్ ఆ బిడ్డకు నామవాచకానికి అతుక్కున్న మొదటి అక్షరం వంటిది. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో స్పానిష్ మాట్లాడే మూడేళ్ళ పిల్లలకు రెండు బొమ్మలు చూపించి, వాటిలో ఒకదాని పేరు చెప్పి వెతకమన్నారు. రెండు బొమ్మల పేర్లూ వేర్వేరు లింగాలకు చెందినప్పుడు పిల్లల చూపు సరైన బొమ్మ వైపు మరింత త్వరగా మళ్ళింది. అంటే ‘లా’ అన్న చిన్న మాటే తర్వాత వచ్చే నామవాచకాన్ని ఆ పసివాళ్ళకు ముందుగా సూచిస్తున్నదన్నమాట. మనం ‘లా’ను తర్వాత తగిలించుకునే అలంకారంగా నేర్చుకుంటున్నాం కాబట్టి మనకు ఆ సాయం అందడం లేదు.

ఇక ముగింపుల సంగతి. ‘ఓ’, ‘ఆ’ సూత్రాన్ని వదులుకోకండి, అది ఎక్కువ పదాలకు పనికివస్తుంది. దానికి లొంగనివి చాలావరకు కొన్ని గుంపులుగా ఉంటాయి. ‘ఫోతో’, ‘మోతో’ అనేవి ‘ఫోతోగ్రఫీయా’, ‘మోతోసిక్లేతా’ అనే స్త్రీలింగ పదాలకు పొట్టిరూపాలు. పేరు తరిగినా లింగం మిగిలింది కాబట్టి ‘లా ఫోతో’, ‘లా మోతో’ అంటారు. ‘మానో’కు మూలమైన లాటిన్ పదం స్త్రీలింగమే కనుక అది ‘లా మానో’గా నిలిచింది. మిమ్మల్ని సమావేశంలో ఇబ్బంది పెట్టిన ‘ప్రొబ్లేమా’ మరొక గుంపులోది. ‘సిస్తేమా’, ‘తేమా’, ‘క్లీమా’, ‘ప్రోగ్రామా’, ‘ఇదియోమా’, ‘పోయేమా’, ‘సీంతోమా’ వంటివి గ్రీకు నుంచి వచ్చాయి, గ్రీకులో అవి నపుంసకలింగాలు. స్పానిష్ నామవాచకాల్లో నపుంసకలింగం లేదు కాబట్టి అవన్నీ పుంలింగంలో చేరిపోయాయి. మీ ఉద్యోగంలో రోజూ వినిపించే పదాలు సగం ఈ గుంపులోవే అయి ఉంటాయి, అందుచేత వీటిని ముందుగా పట్టుకోండి. అయితే ‘మా’తో ముగిసే ప్రతి పదమూ ఇందులో చేరదు. మంచానికి ‘లా కామా’, రూపానికి ‘లా ఫోర్మా’, సంతకానికి ‘లా ఫీర్మా’ అనే అనాలి.

‘సియోన్’, ‘దాద్’ అనే ముగింపులు ఉన్నవి స్త్రీలింగాలు: ‘లా ఎస్తాసియోన్’, ‘లా సియుదాద్’, ‘లా ఉనివెర్సిదాద్’. విమానానికి ‘ఎల్ అవియోన్’, లారీకి ‘ఎల్ కమియోన్’ అంటారు కదా అని మీకు సందేహం రావచ్చు. వాటిలో ఉన్నది ‘సియోన్’ కాదు, ఒట్టి ‘యోన్’ మాత్రమే. ‘ఆహే’తో ముగిసేవి పుంలింగాలు: ‘ఎల్ బియాహే’, ‘ఎల్ గరాహే’. ఇక ‘ఏ’తో ముగిసే మిగతా పదాల దగ్గర సూత్రం ఏదీ సాయపడదు. ‘ఎల్ కోచే’, ‘లా నోచే’, ‘లా లేచే’ మూడూ ఒకే ప్రాసలో ఉన్నా కారు పుంలింగం, రాత్రి, పాలు స్త్రీలింగం. వీటికి నోటిమీద ఆడించడం తప్ప వేరే మార్గం లేదు.

హిందీని ఆసరాగా తీసుకోవడం గురించి నా సలహా స్పష్టం: వద్దు. రాత్రి రెండింటిలోనూ స్త్రీలింగమే, పగలు రెండింటిలోనూ పుంలింగమే అని మొదట్లో ఆశ కలుగుతుంది. వెంటనే పుస్తకం దగ్గర తలకిందులవుతుంది. ‘కితాబ్’ స్త్రీలింగం, ‘లీబ్రో’ పుంలింగం. ‘హాథ్’, ‘ఫూల్’, ‘పానీ’ పుంలింగాలు, చేయి, పువ్వు, నీరు స్పానిష్‌లో స్త్రీలింగాలు. ‘గాడీ’ స్త్రీలింగం, ‘కోచే’ పుంలింగం. హిందీ మీకు చేయగల మేలు ఒకటే: ప్రాణం లేని వస్తువుకు కూడా లింగం ఉంటుందని, విశేషణం దానిని అనుసరిస్తుందని మీ మనసు ఇప్పటికే ఒప్పుకుని ఉంటుంది.

తెలుగు నుంచి వచ్చే పొరపాట్లు మరొక రకానివి. మనకు లింగం అర్థాన్ని బట్టి ఏర్పడుతుంది. చంద్రుణ్ణి ‘వచ్చాడు’ అంటాం, గోదావరిని తల్లి అంటాం. అందువల్ల ‘లా లూనా’ అనడానికి నోరు వెనకాడుతుంది. నదుల పేర్లు స్పానిష్‌లో పుంలింగాలు కనుక గంగ ‘ఎల్ గాంహెస్’ అవుతుంది, మన మూసీ కూడా ‘ఎల్ మూసీ’యే అవుతుంది. మా విద్యార్థులు దాదాపు అందరూ ఇక్కడ ‘లా’ పెట్టినవారే. అలాగే ‘పెర్సోనా’, ‘వీక్తిమా’ అనే పదాలు మగవాడి గురించి చెప్పినా స్త్రీలింగాలే. లింగం మనిషిది కాదు, మాటది అన్న నిజం మనసుకు పట్టేవరకు ఈ తడబాటు పోదు.

జవాబు: ఉప్పల్ నుంచి రోజూ

పై జవాబులో ఉన్నదంతా నాకు ఎంతో ఉపయోగపడింది. నా అనుభవం నుంచి ఒకటి చేరుస్తాను. ఆర్టికల్ సరిగా పెట్టినంత మాత్రాన గండం గడవదు. ‘లా కాసా’ అని సరిగానే మొదలుపెట్టి, పోయిన ఏడాది కొన్న ఇల్లు, మావారి ఆఫీసుకు దగ్గరగా ఉన్న ఇల్లు అని వాక్యాన్ని పొడిగించుకుంటూ పోయి, చివరికి చాలా అందంగా ఉంది అనడానికి ‘ఎస్ ముయ్ బోనీతో’ అని ముగించేదాన్ని. ‘బోనీతా’ అని ముగియాలి. నామవాచకానికి, విశేషణానికి మధ్య దూరం పెరిగేకొద్దీ లింగం జారిపోతుంది. మన తెలుగులో ‘మంచి అబ్బాయి’, ‘మంచి అమ్మాయి’, ‘మంచి ఇల్లు’ అన్నింటికీ ఒకే ‘మంచి’ సరిపోతుంది కాబట్టి ఆ అలవాటే అడ్డువస్తున్నదని అనుకుంటున్నాను. అయితే ‘వాడు మంచివాడు’, ‘అది మంచిది’, ‘అవి మంచివి’ అన్నప్పుడు మనమూ ముగింపు మారుస్తున్నాం. ఆ పోలిక తట్టిన తర్వాత వాక్యం చివర ఉండే విశేషణాన్ని ‘మంచిది’, ‘మంచివాడు’ అనే తరహాలో చూడటం మొదలుపెట్టాను, తప్పులు బాగా తగ్గాయి.

స్త్రీలకు ప్రత్యేకంగా ఒక మాట. తెలుగులో ‘అలసిపోయాను’ అని ఎవరన్నా ఒకటే. అందుచేత నిఘంటువులో కనిపించిన ‘కన్సాదో’నే పట్టుకుని చాలాకాలం ‘ఎస్తోయ్ కన్సాదో’ అన్నాను. ఆడవాళ్ళు ‘కన్సాదా’ అనాలి. నా గురించి నేను చెప్పుకునే ప్రతి విశేషణమూ నాతో పాటు మారాలన్న సంగతి ఆలస్యంగా గ్రహించాను.

సాధన విషయానికి వస్తే, నేను ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్తాను. కంటికి కనిపించినదానికల్లా ఆర్టికల్‌తో, ఒక విశేషణంతో పేరు పెట్టుకుంటూ వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ‘లా పుయేర్తా అబియేర్తా’, ‘ఎల్ అసియేంతో బాసీయో’, ‘లా మానో ఫ్రీయా’. తలుపు తెరిచి ఉండటం, సీటు ఖాళీగా ఉండటం నాకు ఇప్పుడు వాటి లింగంతో సహా గుర్తుకు వస్తున్నాయి. అమీర్‌పేటలో జనం ఎక్కేలోపు ఇరవై, ముప్పై పదాలు అవుతాయి.

మళ్ళీ ప్రశ్న: మాదాపూర్ సాయంత్రం క్లాసు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నోటుపుస్తకం తిరిగి రాయడం నిన్న రాత్రే మొదలుపెట్టాను. అంతలోనే ఒక చిక్కు వచ్చింది. నీటిని ‘ఎల్ ఆగ్వా’ అంటారు, నా పుస్తకంలోనూ అలాగే ఉంది. ఆర్టికల్‌ను పదంతో కలిపి గుర్తుపెట్టుకోమన్నారు కదా, అలా పెట్టుకునే ‘ఆగ్వా ఫ్రీయో’ అన్నాను, మా గురువుగారు ‘ఫ్రీయా’ అని దిద్దారు. పైన ఉపాధ్యాయిని గారు కూడా నీరు స్త్రీలింగమే అన్నారు. స్త్రీలింగమైతే దాని ముందు ‘ఎల్’ ఎందుకు ఉంది?

జవాబు: నల్లకుంట తెలుగు పంతులు

నేను తెలుగు బోధించి పదవీవిరమణ చేసినవాణ్ణి. మా అమ్మాయి బార్సిలోనాలో స్థిరపడటం వల్ల ఈ వయసులో స్పానిష్ మొదలుపెట్టాను. మీరు అడిగిన చిక్కు దగ్గర నేను మాత్రం ఆగలేదు, ఎందుకంటే ఇది మనకు బాగా తెలిసిన సంధికార్యం.

స్పానిష్ ‘లా’కు మూలం లాటిన్‌లోని ‘ఇల్లా’. అది మొదట ‘ఏలా’ అయింది. హల్లుతో మొదలయ్యే పదం ముందు దాని మొదటి అచ్చు రాలిపోయి ‘లా’ మిగిలింది. అచ్చుతో మొదలయ్యే పదం ముందు చివరి అచ్చు లోపించి ‘ఎల్’ మిగిలింది. ‘మేన’, ‘అత్త’ కలిసి ‘మేనత్త’ అయినప్పుడు పూర్వపదం చివరి అకారం ఎలా లోపించిందో, ‘ఏలా’, ‘ఆగ్వా’ కలిసినప్పుడు కూడా అలాగే లోపించింది. మేనత్తలో అకారం పోయినంత మాత్రాన ఆవిడ అత్త కాకుండా పోదు గదా. అలాగే ఇక్కడ కనిపిస్తున్న ‘ఎల్’ పుంలింగపు ‘ఎల్’ కాదు, రూపం కలిసిపోయిన స్త్రీలింగపు ఆర్టికలే. పాత స్పానిష్‌లో ఇతర అచ్చుల ముందు కూడా ఈ ‘ఎల్’ కనిపిస్తుంది, కత్తిని ‘ఎల్ ఎస్పాదా’ అన్నారు. మన అత్వసంధిని బహుళం అన్నట్లే అక్కడా ఒకప్పుడు వికల్పాలుండేవి. కాలక్రమంలో అది ఊనిక పడే, అంటే ఒత్తి పలికే, ‘ఆ’ ధ్వనికి మాత్రమే పరిమితమైంది.

ఊనిక అన్న మాట ముఖ్యం. ‘ఆగ్వా’, ‘ఆల్మా’ (ఆత్మ), ‘ఆగిలా’ (గద్ద), ‘ఆంబ్రే’ (ఆకలి) అన్నవాటిలో ఊనిక మొదటి ‘ఆ’ మీదే ఉంది కాబట్టి ‘ఎల్’ వస్తుంది. స్నేహితురాలు అనే ‘అమీగా’లో ఊనిక ‘మీ’ మీద ఉంది కాబట్టి ‘లా అమీగా’ అనే అంటారు. ఆర్టికల్ నేరుగా పదాన్ని తాకినప్పుడే ఈ మార్పు జరుగుతుంది. మధ్యలో మరో మాట వస్తే ‘లా మీస్మా ఆగ్వా’ (అదే నీరు), బహువచనంలో ‘లాస్ ఆగ్వాస్’. విశేషణం ఎప్పుడూ స్త్రీలింగమే: ‘ఎల్ ఆగ్వా ఫ్రీయా’. ఆకలి వేస్తున్నదని చెప్పడానికి ‘తేంగో మూచా ఆంబ్రే’ అనాలి. ఉబ్బసానికి వాడే ‘అస్మా’ కూడా ఇదే కోవలోది. ‘మా’తో ముగిసింది, ముందు ‘ఎల్’ ఉంది అని దానిని ‘ప్రొబ్లేమా’ గుంపులో చేర్చకండి, అది స్త్రీలింగం. స్పానిష్ మాతృభాషగా ఉన్నవారిలోనూ ఈ నీరు అనడానికి పుంలింగపు ‘ఎస్తే’తో ‘ఎస్తే ఆగ్వా’ అనేవారు ఎంతోమంది ఉన్నారు, వ్యాకరణం మాత్రం ‘ఎస్తా ఆగ్వా’ అనమంటుంది. కాబట్టి మీరు దీని గురించి బెంగ పెట్టుకోవలసిన పనిలేదు. ఇటువంటి పదాలను మాత్రం విశేషణంతో కలిపి ‘ఎల్ ఆగ్వా ఫ్రీయా’ అని మూడు మాటలుగా రాసుకోండి.

జవాబు: తార్నాక ఉపాధ్యాయిని

పంతులుగారి వివరణ మహాబాగుంది. రేపటి క్లాసులో మేనత్తను నేనూ వాడుకుంటాను. మొదటిసారి ఆర్టికల్ ఉండటం, లేకపోవడం గురించి అడిగినది నేను వదిలేశాను, ఇప్పుడు చెబుతాను.

ఇక్కడ మీకు అడ్డుపడుతున్నది తెలుగు కాదు, మధ్యలో ఉన్న ఇంగ్లిష్. ‘మే గుస్తా ఎల్ కఫే’ను ఇంగ్లిష్ మీదుగా అర్థం చేసుకుంటే మీరు కర్త, కాఫీ కర్మ అవుతాయి. తెలుగులో ‘నాకు కాఫీ నచ్చుతుంది’ అని చూడండి. నచ్చేది కాఫీ, కాబట్టి అదే కర్త. స్పానిష్ నిర్మాణం అచ్చంగా ఇదే. పుస్తకాలు అయితే మనం ‘నచ్చుతాయి’ అని క్రియను బహువచనంలోకి మార్చినట్లే వాళ్ళూ ‘మే గుస్తాన్ లోస్ లీబ్రోస్’ అంటారు. స్పానిష్‌లో ఒక జాతినంతటినీ సూచించే నామవాచకం కర్తగా ఉన్నప్పుడు సాధారణంగా ఆర్టికల్ తప్పదు, అందుకే ‘ఎల్ కఫే’. అదే ‘కాఫీ తాగుతాను’ అన్నప్పుడు కాఫీ కర్మ, ఎంత కాఫీ అన్న లెక్క లేదు, కాబట్టి ‘తోమో కఫే’ అంటే చాలు.

తలనొప్పి సంగతీ అంతే. మనం ‘తల నొప్పిగా ఉంది’ అంటాం, ‘నా తల’ అని ప్రత్యేకంగా చెప్పం. వాళ్ళూ ‘మే దుయేలే లా కబేసా’ అంటారు. ఇంగ్లిష్ అలవాటుతో ‘మి కబేసా’ అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

వృత్తి చెప్పేటప్పుడు ‘సోయ్ ఇన్హెనియేరో’ అని ఆర్టికల్ లేకుండా చెప్పాలి, ఎందుకంటే అక్కడ ‘ఇంజనీరు’ అన్నది మిమ్మల్ని ఒక వర్గంలో చేర్చే మాట మాత్రమే. మీరు ఎలాంటి ఇంజనీరో చెప్పదలచుకుంటే ‘ఉన్’ తిరిగి వస్తుంది: ‘సోయ్ ఉన్ బుయేన్ ఇన్హెనియేరో’. సోమవారం నాడు అనడానికి ‘ఎల్ లూనెస్’, ప్రతి సోమవారం అనడానికి ‘లోస్ లూనెస్’. ‘ముఖ్యమైనది’ అని మనం ‘ది’ చేర్చి విశేషణాన్ని నామవాచకంగా చేసే చోట వాళ్ళు ‘లో ఇంపోర్తాంతే’ అంటారు. అక్కడ ‘ఎల్’ పెట్టకండి.

మీరు కొనుగోలు ఆర్డరు దగ్గర పడిన ఇబ్బంది లాంటిది మళ్ళీ రాకుండా, ఒకే పదం రెండు లింగాల్లో రెండు అర్థాలిచ్చే జంటలను విడిగా ఒక పేజీలో రాసుకోండి. ‘ఎల్ కపితాల్’ పెట్టుబడి, ‘లా కపితాల్’ రాజధాని. ‘ఎల్ కూరా’ మతగురువు, ‘లా కూరా’ చికిత్స. ‘ఎల్ కొమేతా’ తోకచుక్క, ‘లా కొమేతా’ గాలిపటం. మెక్సికోలో ‘లా పాపా’ బంగాళాదుంప, ‘ఎల్ పాపా’ పోప్.

మళ్ళీ ప్రశ్న: మాదాపూర్ సాయంత్రం క్లాసు

‘నచ్చుతాయి’, ‘గుస్తాన్’ పోలిక చూసిన తర్వాత ఇంతకాలం ఇంగ్లిష్ వైపు నుంచి ఎందుకు వెళ్ళానా అనిపించింది. చివరిగా ఒక సందేహం. నా పాఠ్యపుస్తకంలో ‘లా రాదియో’, ‘లా సర్తేన్’ అని ఉన్నాయి. మెక్సికో సహోద్యోగులు మాత్రం ‘ఎల్ రాదియో’, ‘ఎల్ సర్తేన్’ అంటున్నారు. తప్పు ఎవరిది?

జవాబు: నల్లకుంట తెలుగు పంతులు

ఎవరిదీ తప్పు కాదు. స్పెయిన్‌లో రేడియో, మూకుడు స్త్రీలింగాలు, మెక్సికోలో పుంలింగాలుగా వాడతారు, రెండూ అంగీకృతమైన రూపాలే. చక్కెరకు వాడే ‘అసూకర్’ కూడా రెండు లింగాల్లోనూ కనిపిస్తుంది. కంప్యూటర్‌కు మెక్సికోలో ‘లా కొంపుతాదోరా’, స్పెయిన్‌లో ‘ఎల్ ఓర్దెనాదోర్’ అని మాటే మారిపోతుంది. మీరు రోజూ మాట్లాడేది మెక్సికో వారితో కనుక వారి మాటనే అనుసరించండి. నా నోటుపుస్తకంలో మాత్రం మా అమ్మాయి ఊరి మాటగా ‘లా రాదియో’నే ఉంటుంది.